పాత ఫోర్డ్ బాడీలో షెవీ ఇంజినా? హాట్ రాడ్ అభిమానులారా, మీ మాటేంటి?

డియర్‌బార్న్_వాసి – మిచిగన్
అందరికీ నమస్కారం. మిచిగన్‌లో ఉండేవాళ్ళకి ఉడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆగస్టు మూడో శనివారం వచ్చిందంటే ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా రోడ్డంతా పాత కార్లే. అక్కడ ఏ హాట్ రాడ్ (పాత కారుని విప్పి, ఇంజిన్ మార్చి వేగంగా పోయేలా కట్టుకున్నది) దగ్గర నిలబడ్డా వినపడే పేచీ ఒకటే, బాడీ ఫోర్డ్‌ది, బానెట్ ఎత్తితే లోపల షెవీ, అంటే షెవర్లే ఇంజిన్, ఇదేం పని అని. ఇన్నాళ్ళూ విని ఊరుకునేవాణ్ణి, ఇప్పుడు ఆ పేచీ మా గ్యారేజీలోకి వచ్చింది. 1931 నాటి ఫోర్డ్ ‘మోడల్ ఏ’ కూపే ఒకటి తీసుకున్నాను. బాడీ, ఫ్రేమ్ ఉన్నాయి, ఇంజిన్ లేదు. నాకు మాత్రం ఫోర్డ్‌లో ఫోర్డ్ ఇంజినే ఉండాలి అనిపిస్తోంది. ఇంటికొచ్చిన స్నేహితులందరూ ముక్తకంఠంతో షెవీ 350 (350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్) పడెయ్, పనైపోతుంది అంటున్నారు. డబ్బు లెక్క పక్కన పెట్టి చెప్పండి. ఈ బ్రాండ్ పట్టింపుకి అర్థం ఉందా? మీకు ఎలాంటి కారు నచ్చుతుంది, ఎందుకు నచ్చుతుంది? ఊరికే నా ఓటు ఫోర్డ్‌కి అని రాసి వెళ్ళిపోకండి, కారణం రాయండి.

స్మాల్‌బ్లాక్_350 – డాలస్
అన్నా, మీ స్నేహితులు చెప్పిందే కరెక్టు. పట్టింపు ఎవరికైనా ఉండొచ్చు, కానీ ఆ ఇంజిన్ వెళ్ళి కూర్చోవలసిన చోటు ఎంత ఇరుకో ముందు టేపు పెట్టి కొలుచుకోండి. షెవీ స్మాల్ బ్లాక్ (350 ఆ రకమే) పొట్టి వాటర్ పంప్‌తో ఉంటే ముందు రేడియేటర్‌కి తగలదు, ఆయిల్ పాన్ గుంట వెనక వైపు ఉంటుంది కాబట్టి ముందు క్రాస్‌మెంబర్‌తో (ఫ్రేమ్ అడ్డపట్టీతో) గొడవ లేదు. ఫోర్డ్ 302 చూడండి, మామూలు కార్లలో వచ్చిన దానికి ఆయిల్ గుంట ముందుంటుంది, వాటర్ పంప్ పొడుగు, ఫ్యాన్ వెళ్ళి రేడియేటర్‌ని ముద్దు పెట్టుకుంటుంది. 1955లో 265 క్యూబిక్ అంగుళాలతో మొదలైన డిజైన్ ఇది, 57కి 283, 62కి 327, 67కి 350 అయింది. 2011లో పదికోట్లవ స్మాల్ బ్లాక్ తయారైందని షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ ప్రకటించింది. పదికోట్ల ఇంజిన్లు చేశారంటే విడిభాగం దొరక్కపోవడం అనే సమస్యే రాదు. ఏ ఊళ్ళో ఆగిపోయినా పక్క వీధి షాపులో గాస్కెట్ ఉంటుంది, దాన్ని విప్పి బిగించడం వచ్చిన మనిషి కూడా ఉంటాడు. నా దృష్టిలో హాట్ రాడ్ అంటే నడిచే కారు. ఆగిపోయిన ఫోర్డ్ కంటే పరిగెత్తే షెవీ మేలు.

ఫ్లాట్‌హెడ్_బాబాయ్ – పొమోనా దగ్గర, కాలిఫోర్నియా
బాబూ డియర్‌బార్న్, మంచి ప్రశ్న వేశావు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఫోర్డ్ మీద ఈ అభిమానం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకపోతే ఈ గొడవ అంతా మొండితనంలా కనపడుతుంది. 1932లో ఫోర్డ్ వీ8 (V ఆకారంలో ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) వచ్చింది, 221 క్యూబిక్ అంగుళాలు, 65 హార్స్ పవర్. వాల్వులు బ్లాక్‌లోనే ఉండి పైన హెడ్ చదునుగా ఉంటుంది కాబట్టి దాన్నే ఫ్లాట్‌హెడ్ అంటారు. అప్పటిదాకా ఎనిమిది సిలిండర్లంటే డబ్బున్నవాళ్ళ కార్లు. హెన్రీ ఫోర్డ్ దాన్ని 500 డాలర్ల లోపు రోడ్‌స్టర్‌లో (గట్టి పైకప్పు లేని చిన్న కారులో) పెట్టి అమ్మాడు. షెవర్లేకి ఆ ఏడాది ఉన్నది ఆరు సిలిండర్ల ఇంజినే, అదే 1955 దాకా లాక్కొచ్చారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ రోజుల్లో షెవీ బాడీ లోపల చెక్క ఫ్రేము, పైన రేకు. చెక్క పుచ్చిపోతే తలుపులు వేలాడిపోతాయి, కారు తుక్కు కిందికి పోతుంది. ఫోర్డ్ బాడీల్లో చెక్క తక్కువ, ఉక్కు ఎక్కువ. అందుకే పదేళ్ళ తర్వాత కుర్రాళ్ళు పాత కార్ల యార్డుకి వెళ్తే చేతికి దొరికినవి ఫోర్డులు. ఇలా దొరికినవాటి ఫెండర్లు పీకేసి, బరువు తగ్గించి, కాలిఫోర్నియాలోని మ్యూరాక్, ఎల్ మిరాజ్ ఎండు చెరువుల మీద పరిగెత్తించారు. వాళ్ళ క్లబ్బులన్నీ కలిసి 1937లో ఎస్‌సీటీఏ అనే సంఘం పెట్టుకున్నాయి, 1949లో యూటాలోని బోనవిల్ ఉప్పు మైదానానికి వెళ్ళారు. ఎడెల్‌బ్రాక్ మానిఫోల్డు, ఇస్కెండరియన్ క్యామ్, ఆఫెన్‌హౌజర్ హెడ్లు, పవర్ పెంచే ఈ భాగాలన్నీ మొదట ఫ్లాట్‌హెడ్ కోసం పుట్టినవే. అంటే అభిమానం ముందు పుట్టలేదు, సామాను ముందు పుట్టింది, అభిమానం దాని వెనక వచ్చింది.

దీన్ని అందరికంటే బాగా పసిగట్టింది షెవర్లే మనిషే. జోరా ఆర్కస్ డంటోవ్, కార్వెట్ పేరు వింటే గుర్తొచ్చే ఇంజినీరు. 1953 డిసెంబర్‌లో కంపెనీ లోపల ఒక నోట్ రాశాడు. హాట్ రాడ్ కుర్రాడు ఫోర్డ్‌తో మొదలుపెడతాడు, పత్రికలు తిప్పితే ఫోర్డులే కనపడతాయి, వాడు పెద్దయ్యాక కొత్త కారు కొనాల్సి వచ్చినా ఫోర్డే కొంటాడు, కాబట్టి మన కొత్త వీ8కి పవర్ పెంచే భాగాలు మనమే తయారుగా పెట్టాలి అన్నది అందులోని సారం. అంతకుముందు ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్‌కి ఆర్డన్ అనే ఓవర్‌హెడ్ వాల్వ్ హెడ్లు (వాల్వులు పైన హెడ్‌లో ఉండేవి) తయారుచేసింది కూడా ఆయనే, అందుకే ఫోర్డ్ కుర్రాళ్ళ నాడి ఆయనకి అంత బాగా తెలుసు. రెండేళ్ళు తిరక్కుండా 265 వచ్చింది, మామూలు కార్బ్యురేటర్‌తోనే 162 హార్స్ పవర్. 1953 ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ కొత్తదిగా షోరూమ్‌లో ఇచ్చింది 110. అంతే, ఫోర్డ్ కుర్రాళ్ళే ఫోర్డ్ బాడీలో షెవీ పెట్టడం మొదలుపెట్టారు.

అందుకని షెవీ పెట్టినవాణ్ణి ద్రోహి అనడం నాకు ఇష్టం ఉండదు, ఆ పని డెబ్భై ఏళ్ళుగా జరుగుతోంది, అదీ ఒక సంప్రదాయమే. కానీ నా కారులో ఫ్లాట్‌హెడ్ తప్ప వేరేది ఉండదు. ఆ రెండు అల్యూమినియం హెడ్ల మీద వరసగా కనపడే నట్లు, మధ్యలో మూడు స్ట్రామ్‌బర్గ్ 97 కార్బ్యురేటర్లు, ఐడిల్‌లో ఆ గుర్‌ర్ మనే మెత్తటి శబ్దం, వాటికి వెల కట్టలేం.

స్మాల్‌బ్లాక్_350 – డాలస్
బాబాయ్, చరిత్ర బాగా చెప్పారు, దండం. కానీ వేడి సంగతి చెప్పకుండా వదిలేశారేం? ట్రాఫిక్‌లో మీ ఫ్లాట్‌హెడ్ ఉడికిపోదా?

ఫ్లాట్‌హెడ్_బాబాయ్ – పొమోనా దగ్గర, కాలిఫోర్నియా
ఉడుకుతుంది, శుభ్రంగా కట్టకపోతే. పొగ బయటికి పోయే దారులు బ్లాక్ లోపల నుంచే, నీళ్ళ మధ్య నుంచే పోతాయి, ఆ వేడంతా నీళ్ళకి ఎక్కుతుంది. అది డిజైన్‌లోనే ఉంది. అయినా చాలా ఇంజిన్లు ఉడికేది దానివల్ల కాదు. ఫౌండ్రీలో పోత పోసినప్పటి ఇసుక, తీగలు నీళ్ళ దారుల్లో గడ్డకట్టి ఇంకా అలాగే ఉంటాయి. అవి పూర్తిగా గీకి తీసేసి, రేడియేటర్ మంచిది వేస్తే ఆగస్టు ఎండలో కూడా తిప్పొచ్చు. నేను తిప్పుతున్నాను.

హెమీ_తప్ప_వద్దు – అట్లాంటా
ఫోర్డ్, షెవీ, మళ్ళీ ఫోర్డ్, షెవీ. మూడోవాడు ఒకడున్నాడని ఎవరికీ గుర్తురాదు. 1951లో క్రైస్లర్ ఫైర్‌పవర్ 331 వచ్చింది, 180 హార్స్ పవర్. షెవీ 265 రావడానికి ఇంకా నాలుగేళ్ళు ఉంది అప్పటికి. అర్ధగోళంలాంటి దహన గది, అందుకే హెమీ అన్నారు, రెండు పక్కలా పెద్ద వాల్వులు, గాలి లోపలికి ఎలా పోవాలో అలా పోతుంది. డాన్ గార్లిట్స్ లాంటి రేసర్లు డ్రాగ్ రేసుల్లో (తిన్నగా, కొద్ది దూరం పరిగెత్తే పోటీల్లో) నైట్రోమీథేన్ ఇంధనం పోసి నడిపింది 392 హెమీనే, ఈరోజు ఆ రేసుల్లో అన్నిటికంటే వేగమైన టాప్ ఫ్యూయల్ కార్లలో పరిగెత్తే ఇంజిన్ల మూలం కూడా 426 హెమీనే. బరువు ఎక్కువ, వెడల్పు ఎక్కువ, స్టీరింగ్ బాక్స్ ఎక్కడ పెట్టాలో తెలియక తల ప్రాణం తోకకి వస్తుంది, ఒప్పుకుంటాను. అయినా ఫెండర్లు లేని మోడల్ ఏ లో ఆ వెడల్పాటి వాల్వ్ కవర్లు రెండు పక్కలకీ పొడుచుకొచ్చి, స్పార్క్ ప్లగ్ వైర్లు కవర్ మధ్యలోంచి లోపలికి దిగుతుంటే అది చూసి పక్కనున్న షెవీ వైపు ఎవరూ తిరగరు. ఇంజిన్ కనపడేలా పెట్టే కారుకి చూడదగ్గ ఇంజినే పెట్టాలి. అంత పెద్దది వద్దనుకుంటే క్రైస్లర్ వాళ్ళదే 1953 డాడ్జ్ రెడ్ రామ్ 241 ఉంది, బేబీ హెమీ అంటారు, మీ కూపేకి సరిగ్గా సరిపోతుంది. ఆలోచించండి.

మెర్క్యురీ_49 – సాక్రమెంటో
ఇక్కడ అందరూ ఇంజిన్ గురించే కొట్టుకుంటున్నారు. నాకు బానెట్ కింద ఏముందన్నది రెండో సంగతి. నాకు ఇష్టమైనవి 1949 నుంచి 51 దాకా ఫోర్డ్ వాళ్ళే తెచ్చిన మెర్క్యురీలు, టాప్ కోసి కిందికి దించి, అతుకులన్నీ సీసంతో పూడ్చి, డోర్ హ్యాండిళ్ళు తీసేసి నున్నగా చేసినవి. రేసు కోసం కాదు, నెమ్మదిగా వెళ్తుంటే రోడ్డు మీద జనం ఆగి చూడటానికి చేసిన కార్లు అవి.

టాప్ కోయడం అంటే నాలుగు స్తంభాలూ ఒకే కొలతలో కోసేసి అతికించడం అనుకుంటారు. అలా చేస్తే వెనక అద్దం నిటారుగా నిలబడి, టోపీ పెట్టినట్టు ఉంటుంది. మెర్క్యురీ టాప్ వెనక్కి జారుతూ దిగాలి, అందుకని వెనక ఎక్కువ దించి, అద్దాన్ని పడుకోబెట్టి, డిక్కీ దగ్గర ఆ గీత తెగకుండా కలపాలి. పని తెలిసినవాళ్ళు చేసిన కారుని పక్కనుంచి చూస్తే బానెట్ చివర నుంచి వెనక బంపర్ దాకా ఒకే గీత నడుస్తుంది. మా ఆయన కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆ గీత మీద అరచేయి నడిపిస్తూ ఎత్తుపల్లాలు వెతుకుతాడు, కంటికి కనపడనిది చేతికి దొరుకుతుందని.

బ్రాండ్ పట్టింపు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. కస్టమ్ కార్లలో అందరూ తలెత్తి చూసేది హిరోహాటా మెర్క్యురీ. 1951 మెర్క్యురీ, జార్జ్, శామ్ బారిస్ అన్నదమ్ముల షాపులో తయారైంది, మధ్య స్తంభం తీసేసి హార్డ్‌టాప్ చేశారు, పక్క పట్టీలు బ్యూక్‌వి, రెండు రకాల ఆకుపచ్చ రంగు. 1953లో బాబ్ హిరోహాటా దాన్ని కాలిఫోర్నియా నుంచి ఇండియానాపొలిస్ షోకి నడుపుకుంటూ వెళ్ళాడు. అప్పుడు దాంట్లో ఉన్నది జనరల్ మోటార్స్ వాళ్ళ కాడిలాక్ ఇంజిన్! 2022 జనవరిలో అది మీకమ్ వేలంలో 20 లక్షల డాలర్ల దగ్గర పలికింది. కొన్నవాళ్ళు కాడిలాక్ ఇంజిన్ ఉందని ధర తగ్గించమనలేదు కదా. బాడీ గీతలో తేడా వస్తే మాత్రం ఒక్క పైసా ఇచ్చేవాళ్ళు కాదు.

డియర్‌బార్న్_వాసి – మిచిగన్
అక్కా, ఈ కాడిలాక్ సంగతి భలే చెప్పారు. మా స్నేహితుడొకడు ఫోర్డ్ కుటుంబం ఇంజిన్ కాకపోతే కారు దగ్గరికే రాడు, వాడికి ఇది చూపిస్తాను.

ప్రైమర్_గ్రే – ఆస్టిన్
నాకు బ్రాండ్ గొడవ కన్నా ప్లాస్టిక్ గొడవ ఎక్కువ. ఫైబర్‌గ్లాస్ బాడీ, అద్దంలా మెరిసే అల్యూమినియం చక్రాలు, లోపల ఏసీ, డిజిటల్ మీటర్లు, తోలు సీట్లు, ఆ కారుని 1932 ఫోర్డ్ అని పిలవడానికి అందులో 1932 నాటిది ఒక్క నట్టయినా ఉందా? ఇంజిన్ ఏ కంపెనీది అని అడిగేముందు ఆ రేకుని హెన్రీ ఫోర్డ్ ఫ్యాక్టరీలో నొక్కారా లేదా అని అడగండి. అసలు డ్యూస్ (1932 ఫోర్డ్‌ని అలా అంటారు) ఫ్రేమ్ దగ్గర వంగి చూడండి ఒకసారి. ఆ ఒక్క సంవత్సరం ఫ్రేమ్ పక్క పట్టీ బయటికి కనపడేలా ఉంటుంది, దాని మీద పొడుగునా ఒక ఒంపు నొక్కి ఉంటుంది, అది బాడీ అంచుతో పాటే వెళ్ళి వెనక పెట్రోల్ ట్యాంకు దగ్గర తేలుతుంది. ఫెండర్లు పీకేసినా కారు అసంపూర్తిగా కనపడదు, మొదటి నుంచీ అలాగే చేశారేమో అనిపిస్తుంది. 33, 34ల ఫెండర్లు తీస్తే ఆ అందం రాదు. 32 అంటే ఇంత మోజు ఎందుకో ఆ ఒంపు చూస్తే అర్థమవుతుంది.

నా వరకు కారు పెయింట్ మాసిపోయి ఉన్నా, ప్రైమర్‌లోనే (పెయింట్ కింద వేసే మొదటి పూతలోనే) ఉన్నా పర్వాలేదు, వానలో తిరగాలి, గతుకుల్లో తిరగాలి. న్యూజెర్సీలో వైల్డ్‌వుడ్ బీచ్ మీద రేస్ ఆఫ్ జెంటిల్మెన్ జరుగుతుంది, ఇసుకలో, ఉప్పు నీటి పక్కన, పాత ఫోర్డులు నిజంగా పోటీ పడతాయి. ఎడిసన్ వైపు ఉండే మనవాళ్ళకి అది దగ్గరే, ఒకసారి వెళ్ళి చూడండి, షోలో తాడు కట్టి నిలబెట్టిన కార్లు మళ్ళీ నచ్చవు.

క్యాండీ_రెడ్ – శాన్ రామోన్
బ్రదర్, ఇది అన్యాయం. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. 1932 ఉక్కు బాడీలు ఎన్ని మిగిలాయని అందరికీ అవే కావాలంటారు? ఫైబర్‌గ్లాస్ లేకపోతే మామూలు ఉద్యోగం చేసుకునేవాడికి డ్యూస్ అందేదే కాదు. ఇప్పుడు బ్రూక్‌విల్ వాళ్ళు ఒహాయోలో కొత్త ఉక్కుతోనే రోడ్‌స్టర్ బాడీలు నొక్కుతున్నారు, దాన్నీ దొంగ బాడీ అంటారా?

షో కార్ల మీద మీ కోపం నాకు అసలు అర్థం కాదు. గ్రాండ్ నేషనల్ రోడ్‌స్టర్ షో 1950లో ఓక్‌లాండ్‌లో మొదలైంది, ఇప్పుడు పొమోనాలో జరుగుతోంది, అమెరికాలో అత్యంత అందమైన రోడ్‌స్టర్ అని ఎంపిక చేసి మనిషి కంటే ఎత్తయిన ట్రోఫీ ఇస్తారు. డెట్రాయిట్ ఆటోరామాలో రిడ్లర్ అవార్డు ఉంది. ఆ కార్ల కింద అద్దం పెట్టి చూపిస్తారు, యాక్సిల్ అడుగు భాగం కూడా పైభాగంలాగే పూర్తి చేసి ఉంటుంది. ఎవరూ చూడని చోట అంత పని చేసినవాళ్ళని గౌరవించాలి. ఇక్కడ ప్లెజంటన్ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో గుడ్‌గైస్ షోకి పిల్లల్ని తీసుకెళ్తాం, పిల్లలు ముందు పరిగెత్తేది మెరిసే ఎర్ర కారు దగ్గరికే. అక్కణ్ణుంచే కదా వాళ్ళకీ మొదలయ్యేది.

బేగంపేట_బాయ్ – హైదరాబాద్
సార్, చదువుతుంటే నోరూరుతోంది. ఇక్కడ పాత అంబాసిడర్‌ని ఇలాగే టాప్ కోసి, వీ8 వేసి నడపొచ్చా? మా చుట్టాల దగ్గర 70ల నాటిది ఒకటి ఉంది.

ప్రైమర్_గ్రే – ఆస్టిన్
తమ్ముడూ, రోడ్డు మీద నడపాలంటే వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మారకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల్లో 50 ఏళ్ళు దాటిన కారుకి వీఏ సిరీస్ నంబర్ ఇస్తారు, కానీ ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. అంటే టాప్ కోస్తే ఆ అవకాశం కూడా పోతుంది. ఆ అంబాసిడర్‌ని ఉన్నదున్నట్టు బాగు చేయించు, దాని అందం దానికుంది.

స్మాల్‌బ్లాక్_350 – డాలస్
ఫోర్డ్ భక్తులకి ఒక సంగతి గుర్తు చేయాలి, షెవీ భక్తులకి కూడా. 1957లో ఫోర్డ్ తెచ్చిన 9 అంగుళాల వెనక యాక్సిల్ ఉంది కదా, గట్టి షెవీ కార్లలో ఎన్నింటి కింద అది ఉందో వంగి చూడండి. పవర్ పెరిగితే షెవీవాళ్ళే తమ యాక్సిల్ పీకేసి ఫోర్డ్‌ది వేసుకుంటారు, అప్పుడు బ్రాండ్ ఎవరికీ గుర్తురాదు. స్ట్రీట్ రాడ్‌ల (రోడ్డు మీద తిప్పే హాట్ రాడ్‌ల) ముందు సస్పెన్షన్‌కి మస్టాంగ్ 2 డిజైనే వాడతారు, అది 70ల నాటి చిన్న ఫోర్డ్‌ది, షెవీ పికప్పుల్లో కూడా అదే. ఇటు ఫోర్డ్ కార్లలో జనరల్ మోటార్స్ టర్బో 350 గేర్‌బాక్సులు. కనపడని చోట అందరూ బాగా పనిచేసేది వాడుకుంటారు, పౌరుషమంతా ఇంజిన్ దగ్గరే. నా వాదన కూడా అదే, యాక్సిల్‌కి లేని పట్టింపు ఇంజిన్‌కి ఎందుకు?

హెమీ_తప్ప_వద్దు – అట్లాంటా
ఎందుకంటే యాక్సిల్‌కి శబ్దం లేదు, ముఖం లేదు.

మెర్క్యురీ_49 – సాక్రమెంటో
ఈ మాట నిజం.

క్యాండీ_రెడ్ – శాన్ రామోన్
డియర్‌బార్న్ గారూ, 302 మాట ఎవరూ సరిగ్గా చెప్పలేదు. దానికి డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్‌లకి కరెంటు పంచేది) ముందు వైపు ఉంటుంది, షెవీకి వెనక ఉంటుంది. మోడల్ ఏ లో షెవీ పెట్టాలంటే ఆ డిస్ట్రిబ్యూటర్ కోసం ఫైర్‌వాల్‌ని (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడని) లోపలికి గుంట చేయాలి, మీ కాళ్ళ దగ్గర చోటు తగ్గిపోతుంది. 302కి ఆ కోత అక్కర్లేదు. ఆయిల్ గుంట వెనక ఉండే పాన్ దొరుకుతుంది, పొట్టి వాటర్ పంప్ దొరుకుతుంది. స్మాల్‌బ్లాక్ బ్రదర్ చెప్పిన రెండు సమస్యలూ తీరిపోయినట్టే. ఫోర్డ్‌లో ఫోర్డ్ ఉంటుంది, వేడి టెన్షన్ ఉండదు.

డియర్‌బార్న్_వాసి – మిచిగన్
అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. క్యాండీ గారి 302 మాట బాగా పట్టింది, రెండు రోజులు అదే ఆలోచించాను. కానీ బాబాయ్ రాసింది మళ్ళీ మళ్ళీ చదివాక నిర్ణయం అయిపోయింది, ఫ్లాట్‌హెడ్డే. నేను ఈ కారుతో రేసులకి వెళ్ళను, ఆదివారం పొద్దున్న ఊరి చివరి దాకా వెళ్ళి వస్తాను. ఫైర్‌వాల్ కోయను, టాప్ కూడా కోయను. స్మాల్‌బ్లాక్ తమ్ముడూ, నీ లెక్కలో తప్పేం లేదు, నాకు కావాల్సింది ఆ శబ్దం.

ఇక్కడికి గంట దూరంలో ఒక పెద్దాయన దగ్గర 8బీఏ ఫ్లాట్‌హెడ్ ఇంజిన్ ఒకటి ఉంది, 1949 నుంచి వచ్చిన రకం. ఇరవై ఏళ్ళుగా షెడ్డులోనే ఉందట, తిరుగుతుంది అంటున్నాడు. బాబాయ్, కొనేముందు ఏమేం చూడాలి?

ఫ్లాట్‌హెడ్_బాబాయ్ – పొమోనా దగ్గర, కాలిఫోర్నియా
సంతోషం బాబూ. తిరుగుతుంది అన్నమాట నమ్మి డబ్బు చేతిలో పెట్టకు. హెడ్లు రెండూ విప్పించు. వాల్వ్ సీటు నుంచి సిలిండర్ అంచు దాకా సన్నగా వెంట్రుకలా పగులు ఉంటుంది చాలా బ్లాకుల్లో, మురికిలో కనపడదు. గుడ్డతో తుడిచి టార్చి పక్కనుంచి కొట్టి చూడు. కనపడితే అక్కడే వదిలేసి వచ్చెయ్. కనపడకపోయినా బేరం ఖాయం చేసేముందు మెషిన్ షాపులో కడిగించి మ్యాగ్నాఫ్లక్స్ పరీక్ష (అయస్కాంతంతో పగుళ్ళు పట్టేది) చేయిస్తానని చెప్పు, ఒప్పుకోకపోతే ఇంకో ఇంజిన్ వెతుక్కుందాం. హెడ్ బోల్టు రంధ్రాల దగ్గర చిన్న పగుళ్ళుంటే కంగారు పడకు, వాటికి మార్గం ఉంది.

క్రాంక్‌షాఫ్ట్ ఏదో చూడు. మెర్క్యురీ క్రాంక్ 4 అంగుళాల స్ట్రోక్, అది దొరికితే నీ 239 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ కాస్తా 255 అవుతుంది. 8బీఏకి బెల్‌హౌసింగ్ (క్లచ్ మీది డొప్ప) విడిగా బిగించేది కాబట్టి గేర్‌బాక్స్ కలపడం పాత 59ఏ ఇంజిన్ కన్నా సులువు, షెవీ ఎస్10 పికప్పు టీ5 గేర్‌బాక్స్‌కి అడాప్టర్ ఉంది, దాని గేర్ రాడ్ కాస్త ముందుకు ఉంటుంది, మోడల్ ఏ సీటుకి సరిపోతుంది. ఇంజిన్ పెట్టేముందు ఫ్రేమ్‌ని లోపలి వైపు పట్టీ వేసి బాక్సు చేయించు, 1931 ఫ్రేమ్ నాలుగు సిలిండర్ల కోసం చేసింది. బ్రేకులు మర్చిపోవద్దు, నీ కారుకి వచ్చినవి రాడ్లతో లాగే మెకానికల్ బ్రేకులు, ఫోర్డ్‌కి హైడ్రాలిక్ 1939 నుంచే వచ్చాయి. 39 నుంచి 48 దాకా ఫోర్డ్ డ్రమ్ములు వేసుకోవచ్చు, నా దగ్గర ఒక జత బ్యాకింగ్ ప్లేట్లు ఊరికే పడున్నాయి. అడ్రస్ విడిగా మెసేజ్ పెట్టు, పార్సిల్ చేస్తాను.